పెదబాబు బెడ్‌ఫోర్డు

"ఇంకొక్కసారి ఆ లేలాండు పేరెత్తేవంటే ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను!"

సత్యారావు కంచం ముందునుంచి లేచిపోయాడు. కుడిచేతికి కట్టు... ఎడమచేత్తో తినలేక తినలేక నాలుగు మెతుకులు నోట పెట్టుకున్నవాడు, అవీ వదిలేసి వీధి అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు. నూకరత్నం కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తను అడిగిందేమిటి? భర్త ప్రాణాలతో ఇల్లు చేరాలనేగా! నిన్న దేవరాపల్లి నుంచి చెరుకు వేసుకొస్తుంటే, మోయలేని బరువుకి బండి కాలవలోకి ఒరిగిపోయింది. చెయ్యి విరగడంతో సరిపోయింది గానీ... ఆ పైన తలచుకోవడానికే ఆమెకు ధైర్యం చాల్లేదు!

తప్పు బండిది కాదు. అది చిన్న బెడ్‌ఫోర్డు, పెద్ద లారీలో సగం సరుకు కూడా పట్టదు. కొట్టిన చెరుకు ఎండిపోకముందే చోడవరం ఫ్యాక్టరీకి చేర్చాలి కనక, సత్యారావు అంచులు దాటించి మరీ పేర్చుకొస్తాడు. విశాఖపట్నంలో మంచి లేలాండు లారీ అమ్మకానికి వచ్చిందని తెలిసి, "అది తీసుకుందాం మావా" అంది రత్నం. అంతే... ఇంత రగడ!

ఎందుకంటే అది పెదబాబు కొన్న బండి. తండ్రి లేని సత్యారావుకి స్టీరింగు పట్టడం నేర్పినవాడూ, దగ్గరుండి పెళ్లి చేసినవాడూ ఆ అన్నే. "బెడ్‌ఫోర్డు తప్ప ఇంకో బండి తోలను" అని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు పెదబాబు. ఆయన జ్వరంతో పోయి రెండేళ్లయింది. ఈనాటికీ ఆయన భార్య కనకమహాలక్ష్మి తెల్లవారగానే తడిగుడ్డ పట్టుకుని ఆ బండి ముఖం తుడుస్తుంది. అలాంటి బండిని పంపించేద్దామని ఆవిడ ముందు ఎవరనగలరు?

రత్నం పెరట్లోకి వచ్చి కూలబడింది. ఎక్కడో బెల్లం వండుతున్నారు. ఆ తీపి పొగ మంచులా పరుచుకుని చెరుకు తోటల మీద తేలుతోంది. తడికళ్లకి లోకమంతా మెత్తగా, దూరంగా, కలలోలా కనిపించింది... వెన్నలాంటి తెల్లని చెరుకు పూల మధ్యనుంచి ఓ పెద్ద లారీ చప్పుడు లేకుండా వస్తున్నట్టూ, అంత ఎత్తున కూర్చుని తన మావ నవ్వుతున్నట్టూ... అంతలోనే ఉలిక్కిపడింది. చనిపోయిన మనిషిని మళ్లీ ఇంట్లోంచి సాగనంపమంటోందా తను? ఎంత పాపిష్టిదాన్ని!

భుజం మీద ఓ చెయ్యి పడింది. కనకమహాలక్ష్మి!

"లే రత్నం. నాను అంతా విన్నాను."

"అక్కా... నీ మనసు కష్టపెట్టాలని కాదక్కా!"

ఆవిడ రత్నాన్ని చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకెళ్లింది. మరిది ఎదురుగా నిలబడింది.

"బాబూ, మీ అన్నయ్య నీకు అబద్ధం సెప్పేరు."

సత్యారావు తెల్లబోయాడు. "ఏటి వదినా, అలగంతన్నావు?"

"ఆయనకి పెద్ద లారీ అంటే పిచ్చి. పెళ్లయిన కొత్తలో రాయపూరు, కలకత్తా అంటూ నిద్దట్లో కూడా ఊళ్ల పేర్లే పలవరించీవోరు. ఏడో నెల్లో నా కడుపు పోయింది... అప్పటికి నువ్వు చిన్న గుంటడివి, నీకు తెలీదు. ఆ తరవాత ఒంటరిగా ఉండాలంటే నాకు ఒకటే భయం. ఆయన రావడం ఆలస్యమైతే ఏడుస్తూ వీధిలోకి పరిగెట్టీదాన్ని. పెద్ద లారీ అయితే పదేసి రోజులు రోడ్డు మీదే ఉండాల. అందుకని పొద్దుగూకేసరికి ఇంటికొచ్చీలాగ ఈ చిన్న బండి కొన్నారు. పెళ్లాం వల్ల ఆగిపోయేడంటే నలుగురూ నన్ను ఆడిపోసుకుంటారని... బెడ్‌ఫోర్డు తప్ప ముట్టనని నవ్వుతూ సెప్పుకు తిరిగేరు! ఆ ఇష్టం బండి మీద కాదు బాబూ... నా మీద!"

సత్యారావు అరుగు మీంచి లేచి నిలబడ్డాడు.

"మరి రోజూ ఎందుకు తుడుస్తన్నావు వదినా?" అడిగాడు సత్యారావు.

"క్షమించమని ఆయన్ని అడుగుతన్నాను. నా వల్ల ఆయన ఆ రోడ్లు సూడకుండానే ఎల్లిపోయేరు... ఇప్పుడు ఆయన తమ్ముడు కూడా నా మూలంగానే కాలవలో పడిపోవాలేటి? ఈ బండి అమ్మీసి ఆ లేలాండు తెచ్చుకో. రత్నం మాట ఇను!"

సత్యారావు చిన్నపిల్లాడిలా వదిన కాళ్ల మీద పడ్డాడు. రత్నం ఆవిడను గట్టిగా కావలించుకుంది. ఇన్నేళ్లూ ఒకే వంటింట్లో మసలినా ఈ మనిషి గుండెలో ఇంత బరువుందని తను ఎరగనే లేదు!

చెయ్యి నయమయ్యాక లేలాండు ఇంటికొచ్చింది. బెడ్‌ఫోర్డును రోలుగుంటలో కూరగాయలు పండించే రైతు తీసుకున్నాడు. ఇక అది మోసేవి తేలిక సరుకులే. కనకమహాలక్ష్మి దానికి పసుపు కుంకుమ పెట్టి నవ్వుతూ పంపింది.

మొదటిసారి లారీ తీసినప్పుడు ఆడవాళ్లిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. అనకాపల్లి దాకా వెళ్లి తిరిగి రావాలని అనుకున్నారు. పెద్ద రోడ్డు కలిసేచోట సత్యారావు బండి తిప్పబోయాడు. కనకమహాలక్ష్మి ఎదురుగా ఎండలో మెరుస్తూ సాగిపోతున్న దారినే కన్నార్పకుండా చూస్తోంది.

"బాబూ... కలకత్తా ఎల్లీది ఈ రోడ్డేనా?"

"అవునొదినా."

"ఇంకొంచెం దూరం పోనీ..."

సత్యారావు రత్నం వైపు చూశాడు. ఆమె కళ్లతోనే సరేనంది. లారీ ముందుకు కదిలింది.