ఫస్టు వచ్చిన ఆట

లోవలక్ష్మి నవ్విందంటే గోదావరి అవతలి ఒడ్డున కొంగలు లేచిపోతాయని యానాం చుట్టుపక్కల చెప్పుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. కొంగలతోపాటు రెండు పెళ్ళి సంబంధాలు కూడా లేచిపోయాయి. పిల్లకి ఇరవయ్యో ఏడు వచ్చేసింది.

అందుకే మూడో సంబంధం వాళ్ళు పడవ దిగుతుండగానే తల్లి అప్పాయమ్మ కూతురి చెవి పట్టుకుంది.

"తల దించుకుని కూర్చో. నవ్వావో, ఎండుచేపల గంపతోపాటు నిన్నూ సంతలో పెట్టేస్తాను!"

"పెళ్ళయ్యాక నవ్వొచ్చా అమ్మా?"

"పెళ్ళయ్యాక నీ ఇష్టం. అప్పుడు వాళ్ళ ఖర్మ."

పెళ్ళికొడుకు సత్తియ్య కోటిపల్లి రేవులో పడవ నడుపుతాడు. వాన తుంపర్లో తడిసి, మీసం తుడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తలుపు చాటు నుంచి లోవలక్ష్మి ఒక్క చూపే చూద్దామనుకుని చాలాసేపు చూసింది. ఈ మనిషి నచ్చాడు, చచ్చినా నవ్వకూడదు అనుకుంది. అలా అనుకోగానే నవ్వొచ్చింది. పమిట కొంగు నోట్లో కుక్కుకుంది.

సత్తియ్య మాత్రం గోదారి వైపే చూస్తున్నాడు. అతన్ని బలవంతాన లాక్కొచ్చింది మేనమామ దొరబాబు. ఆయన కాలవ లాకు దగ్గర దొరల కింద పనిచేసి రెండు ఇంగ్లీషు ముక్కలు నేర్చాడు. కనబడిన ప్రతిదాన్నీ ఆ రెండు ముక్కలతోనే తూస్తాడు.

"పులుసు ఫస్టండి చెల్లెమ్మా! మొన్న మండపేటలో తిన్నది సెకండుకి పడిపోయింది."

లోవలక్ష్మి తండ్రి పెదబాబుకి తోలుబొమ్మలాటంటే ప్రాణం. ఆయనకి సందు దొరికింది.

"అలాగైతే బావగారూ, ఈ పదేళ్ళలో మనవైపు ఆడిన బొమ్మలాటల్లో ఏది ఫస్టంటారు? నన్నడిగితే కోట తగలబడే ఆట."

"భలేవారే! పాముల రాజు ఆట ఫస్టు. మీ కోట సెకండు."

"పాములాటా? ఆ పాములకి కోరలే లేవు కదండీ!"

"మీ కోటకి గుమ్మమే లేదు! లోపలికెళ్ళి ఎలా తగలెట్టారో!"

గొంతులు పెరిగాయి. పెదబాబు లేచి నిలబడ్డాడు. పిల్ల నవ్వకుండానే సంబంధం పోయేలా ఉందని అప్పాయమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"నువ్వు చెప్పరా సత్తియ్యా!" అన్నాడు దొరబాబు.

"పోయిన శివరాత్రికి ద్రాక్షారామంలో ఆడిన ఆట" అన్నాడు సత్తియ్య.

పెద్దలిద్దరూ వెంటనే ఒకటైపోయారు.

"అదీ ఒక ఆటేనా? రాజుగారి బొమ్మ గడ్డానికి నిప్పంటుకుని సగంలో ఆగిపోయింది కదా!"

"అంటించింది నేనేనండి."

బొమ్మలాటవాళ్ళ పెట్టెలు సత్తియ్య పడవలోనే ఊరూరూ తిరుగుతాయి. ఆట జరిగినంతసేపూ తెర వెనక ఆముదం దీపాలు చూసే పని కూడా అతనిదే.

"ముందు వైపు నేనెప్పుడూ కూర్చోలేదండి. నాకు కనబడేది ఆడించేవాళ్ళ వీపులే. ఆవేళ తెర ముందు ఒకావిడ నవ్వింది. ఆ నవ్వు వింటూ దీపంలో ఆముదం ఎక్కువ పోసేశాను. తర్వాత కూడా ఒకటి రెండు ఊళ్ళలో విన్నాను. అది వినబడని ఆటలు నా లెక్కలో లేవండి. ఆవిడెవరో తెలిసేదాకా పెళ్ళి వద్దంటే మావయ్య వినలేదు. తప్పయిపోయింది, సెలవిప్పించండి."

అతను లేచాడు. తలుపు చాటున లోవలక్ష్మి నోట్లోని కొంగు లాగేసింది. ఆవేళ ద్రాక్షారామంలో తెర ముందు కూర్చున్నది తనే! గబగబా బయటికొచ్చేసింది.

"ఏవండీ, ఆగండి! ఆ నవ్వు నాదే."

"ఏదీ, ఒక్కసారి నవ్వండి."

పిలవకుండా వచ్చే నవ్వు, పిలిస్తే రాలేదు. ఎలాగో "హిహీ" అంది. పిల్లి తుమ్మినట్టుంది.

"ఇది సెకండుకి కూడా రాదమ్మా" అన్నాడు దొరబాబు జాలిగా.

సత్తియ్య అరుగు దిగాడు. ఆమెకి ఏడుపొచ్చింది. అతన్ని ఆపడానికి ఇంకేమీ తోచక అడిగింది.

"పోనీ ఇది చెప్పి వెళ్ళండి. గడ్డం కాలిపోయిన ఆ రాజేమయ్యాడు?"

"బొమ్మ పారేయడం ఎందుకని చీర రంగులేసి పెళ్ళికూతురి తల్లిని చేశారండి. కత్తి పట్టి పైకెత్తిన చెయ్యి మాత్రం కిందికి దిగలేదు. కత్తికి నల్లరంగేసి గరిటె అన్నారు."

లోవలక్ష్మి పక్కకి చూసింది. అప్పాయమ్మ గరిటె పైకెత్తి, కళ్ళురుముతూ, అచ్చం బొమ్మలాగే నిలబడి ఉంది.

అంతే. అవతలి ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి.

"పోయింది! ఈ సంబంధమూ పోయింది!" అని అప్పాయమ్మ నెత్తి కొట్టుకుంది.

సత్తియ్య వానలో అలాగే నిలబడిపోయాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"మీరేనండి! ఇంకొక్కసారి నవ్వరూ?"

"పెళ్ళయ్యాక" అంది లోవలక్ష్మి, కళ్ళు తుడుచుకుంటూ. "అంతదాకా మా అమ్మ ఒప్పుకోదు."

పెళ్ళికి తోలుబొమ్మలాట పెట్టించారు. కోటా పాములా అని పెదబాబూ దొరబాబూ తగువులాడుకుని, చివరికి రెండూ ఆడించారు. దీపాల దగ్గర దొరబాబుని కూర్చోబెట్టి, సత్తియ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తెర ముందు కూర్చున్నాడు, లోవలక్ష్మి పక్కన.

తెల్లవారాక పెదబాబు ఆత్రంగా అడిగాడు. "ఎలా ఉందల్లుడూ ఆట?"

"ఫస్టండి మావయ్యగారూ!" అన్నాడు సత్తియ్య. ఆ రాత్రి అతను తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు.