దిగులుకు సైగ

ఆదివారం పొద్దున సుక్కమ్మ చేపల పులుసు పొయ్యి మీద నుంచి దించేసరికే శివాని గడపలో చెప్పులు వేసుకుంటోంది. ఇరవై ఏళ్ల పిల్ల. రెండో ఏట వచ్చిన జ్వరానికి వినికిడి పోయింది. అప్పటి నుంచి తల్లీబిడ్డలు తాము కల్పించుకున్న సైగలతోనే నెట్టుకొచ్చారు. దవాఖానలోనైనా, చుట్టాల ఇంట్లోనైనా శివాని మనసులోది చెప్పేది సుక్కమ్మే. "నా బిడ్డ మాట నాకు తప్ప ఎవ్వరికి తెల్వది" అనేది. ఆ మాటలో బాధ ఎంత ఉండేదో గర్వమూ అంతే ఉండేది.

ఆరు నెలలుగా శివాని ప్రతి ఆదివారం బడంగ్‌పేట్ వెళుతోంది. అక్కడ అరుణజ్యోతి అనే ఆమె మిద్దె మీద వినికిడి లేనివాళ్లంతా కలుస్తారు.

'తిని పో' అని సుక్కమ్మ చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపించింది. శివాని వద్దని తలూపి, ఫోన్లో ఎవరికో చేతులతో ఏదో చెప్పి, పకపకా నవ్వుతూ వెళ్లిపోయింది.

"చూసినవా? ఇంట్ల పులుసు చేదైంది. ఆ అరుణజ్యోతి ఉప్మా తీపైంది" అంది సుక్కమ్మ మొగుడితో.

బుగ్గయ్య వల చిక్కు తీస్తూ, "పిల్ల సంబురంగున్నది గదనే. నీకేం నొప్పి?" అన్నాడు.

"నాతోని ఎప్పుడన్న గట్ల నవ్విందా?"

బుగ్గయ్య మళ్లీ వల మీదికి వంగాడు. సుక్కమ్మ కొంగు బిగించి, శివాని ఎక్కిన బస్సు వెనకాల వచ్చిన ఇంకో బస్సెక్కింది.

మిద్దె మీద నలభై మంది దాకా ఉన్నారు. నడుమ నిలబడి శివాని చేతులతో ఏదో కథ చెబుతోంది. చెప్పడం అయిపోగానే అందరూ రెండు చేతులూ పైకెత్తి గాలిలో ఆడించారు. అదే వాళ్ల చప్పట్లు. తన కడుపున పుట్టిన పిల్ల చెప్పినదాంట్లో సుక్కమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒళ్లు భగ్గున మండింది. గబగబా వెళ్లి బిడ్డ చెయ్యి పట్టి గుంజింది. శివాని మొహం చిన్నబోయింది.

"అక్కా, కూసో. నాకు వినిపిస్తది. మా అమ్మ నాయిన వినలేనోళ్లు. నేను ఇద్దరి మాట చెప్త" అంటూ అరుణజ్యోతి అడ్డం వచ్చింది.

"నువ్వేంది చెప్పేది? చెవిటిదయిందని పద్దెనిమిదేండ్ల సంది ఏడుస్తున్న. మీరేమో పండుగ చేస్కుంటుండ్రు! నా బిడ్డను నాకు కాకుండ చేసిండ్రు."

అరుణజ్యోతి ఆ మాటలన్నీ సైగల్లో శివానికి చెప్పింది. శివాని చేతులు గబగబా కదిలాయి. అరుణజ్యోతి ఆమె మాటలను పైకి చెప్పింది.

"నేను చెవిటిదాన్నంటే ఊర్ల అందరు అయ్యో అంటరు. ఇక్కడ మా మనిషే అని పక్కన కూసోపెట్టుకుంటరు. నాకు ఏం తక్వ లేదని ఇక్కడికొచ్చినంకనే తెలిసింది."

"నేను తక్వ చేసిన్నా?"

"లేదమ్మా. కాని మన సైగలల్ల ఆకలున్నది, నిద్రున్నది, నొప్పున్నది. దిగులుకు సైగ లేదు. అమ్మమ్మ సచ్చిపోయినప్పుడు నేను ఏడుస్తుంటే కడుపునొప్పా అని అడిగినవ్. అవ్ అన్న. ఇంకేం చెప్పాలె? వాము నీళ్లు తాగిపిచ్చినవ్."

సుక్కమ్మకు గుర్తుంది. ఆ వారమంతా రోజూ వాము మరిగించింది. బిడ్డ మాట నాకే తెలుసని చుట్టాలకు చెప్పుకుంది కూడా. బిడ్డ చెయ్యి వదిలి అక్కడే చాప మీద కూర్చుంది. ఆరు నెలలుగా తనను కాల్చేస్తున్నదేమిటో చెప్పడానికి తన దగ్గరా సైగ లేదు.

"చెల్లె, ఓర్వలేకపోయిన అని చెప్పాలంటే సైగ ఏంది?"

అరుణజ్యోతి చెయ్యి ఎత్తబోతే సుక్కమ్మ ఆపింది. "నువ్వు కాదు. నా బిడ్డ నేర్పాలె."

అరుణజ్యోతి ఆ మాట చేరవేసింది. శివాని వచ్చి ఎదురుగా కూర్చుంది. తల్లి వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటే మడిచి, సరిచేసి, సైగ నేర్పింది. సుక్కమ్మ ఒకసారి తడబడింది. రెండోసారి కుదిరింది. ఆ సైగ చేసి, మిద్దె మీది నలభై మందినీ వేలితో చూపించింది.

శివాని కళ్లు నిండిపోయాయి. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి చాలాసేపు వదల్లేదు.

వదిలాక, "అమ్మమ్మ పోయిన దినం నీ మనసుల ఏమున్నదో ఇప్పుడు చెప్పు" అంది సుక్కమ్మ. అరుణజ్యోతి ఆ ఒక్క మాటా చేరవేసి పక్కకు తప్పుకుంది.

శివాని మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. సుక్కమ్మకు సగం కూడా అర్థం కాలేదు. కానిచోటల్లా బిడ్డ చేతులు పట్టి ఆపి, మళ్లీ చెప్పించుకుంది.