కండ చెప్పిన సాక్ష్యం

"వదిలేశావా! మళ్ళీ వదిలేశావా!"

భర్త అరుపు విని, ఇస్త్రీ చేస్తున్న తల్లి పెట్టె పక్కన పెట్టి వెనక గదిలోకి పరుగెత్తింది. తడి దుప్పటి నేల మీద పడి ఉంది. దాని పక్కనే కూతురు కూలబడి ఉంది. చేతులు రెండూ కొయ్యబారిపోయాయి. వేళ్ళు తెరుచుకోవడం లేదు. అరవకుండా పెదవి కొరుక్కుంటోంది పిల్ల!

ఆ ఇంటివాళ్ళది లాండ్రీ. లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రుల దుప్పట్లు అక్కడికే వస్తాయి. యంత్రంలో వేసి పిండితే నూలు నలిగిపోతుందని ఆయన పట్టు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని, ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ మెలితిప్పి పిండాల్సిందే. ఎవరి చేతిలోంచి జారి నేలపడితే వాళ్ళే దాన్ని మళ్ళీ ఉతకాలి. అది ఆ ఇంటి చట్టం. బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆ చట్టం కింద నలిగింది మాత్రం కూతురొక్కర్తే. మొదటి దుప్పటికే పిల్ల చేతుల్లో సత్తువ పోయేది. కాసేపు కూర్చుని, లేచి మెల్లగా అటూ ఇటూ తిరిగిందంటే మళ్ళీ సాయంత్రం దాకా చకచకా బట్టలు మోసి ఆరేసేది. అదే దాని కొంప ముంచింది!

"కూర్చుంటే పోయే నొప్పి ఏం నొప్పే? నా చెవిలో పువ్వు కనబడుతోందా నీకు?" అనేవాడు తండ్రి. నత్త అని పేరు కూడా పెట్టాడు. బాగా కోపం వస్తే ఇంకో మాట అనేవాడు. "అచ్చం వాళ్ళ అత్తే!"

ఆ ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. అత్త అంటే ఆయన సొంత అక్క. వాళ్ళ అమ్మకి జబ్బు చేసినప్పుడు అక్కా తమ్ముడూ ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మేడ మెట్లు దింపుతుంటే, సగంలో అక్క చేతులు వదిలేసింది. పడిన ఆ తల్లి మళ్ళీ లేవలేదు. "మొయ్యడానికి బద్ధకమై వదిలేసింది" అన్నాడు తమ్ముడు. బంధువులంతా అదే అన్నారు. అప్పటినుంచీ అక్క మొహం చూడలేదు, ఆమె ఊసు ఎత్తనివ్వలేదు. ఊరి ఆ చివర ఒక గదిలో, దర్జీ కొట్టుకి గుండీలు కుడుతూ ఆవిడ ఒంటరిగా బతుకుతోంది.

ఆ రోజు మాత్రం కూతురు కూర్చుని లేచినా నొప్పి పోలేదు. మూత్రం కషాయంలా నల్లగా వచ్చింది. భర్త వద్దంటున్నా తల్లి ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయింది. కిడ్నీలు దెబ్బ తినకుండా సెలైన్లు ఎక్కించారు. గండం గడిచాక డాక్టరమ్మ అసలు మాట చెప్పింది. తొడలోంచి చిన్న కండ ముక్క తీసి పరీక్ష చెయ్యాలి.

"కోసి చూడ్డానికి ఏముందమ్మా? లోపల ఉన్నది బద్ధకమే" అన్నాడాయన.

"అదైనా కనబడుతుంది కదా! కొయ్యండి డాక్టరమ్మా" అంది కూతురు మంచం మీద నుంచి.

తల్లి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల అబద్ధం ఆడదని తను ఒక్కసారైనా గట్టిగా అందా? లేదు... తనకీ లోలోపల అనుమానమే! దుప్పటి జారిన ప్రతిసారీ మొగుడి వైపూ మాట్లాడలేదు, కూతురి వైపూ మాట్లాడలేదు. నోరు కుట్టేసుకుని ఇన్నేళ్ళు గడిపింది. ఇప్పుడు పిల్ల తన నిజం తను చెప్పుకోవడానికి ఒళ్ళు కోయించుకోవాల్సి వచ్చింది...

కొన్నాళ్ళకి రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"గట్టి పని చెయ్యడానికి కండ తనలో దాచుకున్న చక్కెరని వాడుకుంటుంది. మీ అమ్మాయి కండలో చక్కెర గుట్టలుగా పేరుకుపోయింది. దాన్ని విడగొట్టే పదార్థం మాత్రం లేదు. బాగున్న కండ ముక్కకి ఒక రసాయనం వేస్తే ముదురు రంగు తేలుతుంది. ఈ ముక్కకి అసలు రంగే రాలేదు. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. కాసేపు ఆగితే రక్తంలోంచి వేరే బలం అందుతుంది. అందుకే కూర్చుని లేస్తే పని చెయ్యగలుగుతోంది."

"అంటే... నటన కాదా అమ్మా?" అని డాక్టరమ్మని అడిగాడాయన.

"కోసి చూస్తేగానీ నమ్మకం కలగలేదు కదా నాన్నా!" అంది కూతురు. నవ్వుతూ అన్నదే... కానీ ఆ నవ్వు చూసి తల్లి పిల్ల చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"దీనికి మందు లేదు" అంది డాక్టరమ్మ. "బరువులు పట్టుకోకూడదు, బట్టలు పిండకూడదు. నొప్పి మొదలవగానే ఆగిపోవాలి. ఇది అమ్మానాన్నలు ఇద్దరి దగ్గర్నుంచీ వచ్చేది. మీ ఇద్దరిలో చెరో సగం దాగి ఉంది, అందుకే మీకు బాధ లేదు. మీ కుటుంబాల్లో ఇంకెవరికైనా ఇలా బరువు పట్టుకోగానే చేతులు బిగుసుకుపోవడం ఉందా?"

ఆయన తల దించుకుని గచ్చు వైపు చూస్తున్నాడు. ఆయన చెప్పడు. చెప్పలేడు. ఈసారి తల్లే నోరు విప్పింది.

"ఉంది డాక్టరమ్మా. మా వదినగారికి. మా అత్తగారిని మెట్లు దింపుతూ సగంలో చేతులు వదిలేశారు."

ఆయన తల ఎత్తి చూశాడు. కసురుకోలేదు.

"పరీక్ష చేస్తేగానీ చెప్పలేను. వింటుంటే మాత్రం అదే అనిపిస్తోంది" అంది డాక్టరమ్మ.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఊరి ఆ చివరికి బయలుదేరారు. సన్నటి మెట్లు. కూతురు ఆగి ఆగి ఎక్కుతుంటే ఆయనా ఆగాడు. గది తలుపు తీసే ఉంది. నెరిసిన జుట్టావిడ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. తమ్ముణ్ణి చూసి సూది ఆపింది.

"ఏమిటి, దండెత్తి వచ్చారు? ఉన్నది ఒక్కటే కుర్చీ. కొట్టుకుంటారో, వంతులేసుకుంటారో మీ ఇష్టం!"

ఎవ్వరూ నవ్వలేదు. ఆయన గడప దగ్గరే నిలబడిపోయాడు. తల్లి వదినగారి పక్కన నేల మీద కూర్చుని, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. కండలో పేరుకున్న చక్కెర, రంగు తేలని ముక్క...

"మీరు కూడా పరీక్ష చేయించుకోవాలి అత్తయ్యా. నాది తేలింది కాబట్టి మిమ్మల్ని కొయ్యక్కర్లేదట, రక్తం చాలట" అంది కూతురు.

"నిన్నెక్కడ కోశారే?"

"తొడ మీద."

ఆవిడ చెయ్యి చాచి, లంగా మీద నుంచే ఆ చోటుని మెల్లగా తడిమింది. "నా వంతు కూడా నువ్వే కోయించుకున్నావా తల్లీ..."

ఆ మాటతో ఆయన గడప మీదే కూలబడ్డాడు. "అక్కా! నేను నిన్ను..."

"ఆగరా, ఆగు. ఆ రోజు మెట్ల మీద ముందు చేతులు చచ్చుబడ్డాయి. అమ్మ జారిపోయాక బిగుసుకుపోయాయి. రాత్రికి మూత్రం నల్లగా వచ్చింది. చేసిన పాపం కక్కుతున్నాననుకున్నాను, ఎవరితోనూ చెప్పలేదు. తర్వాత తర్వాత... కావాలనే వదిలానేమోనని నాకే అనిపించేదిరా! అంతమంది అంటుంటే అబద్ధం ఎలా అవుతుంది?"

ఆయన పెద్దగా ఏడ్చేశాడు. ఆవిడ ఓదార్చలేదు, కసరలేదు. ఏడవనిచ్చింది.

తల్లి కళ్ళు తుడుచుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మన ఇంటికి రండి వదినా. మిమ్మల్ని తీసుకెళ్ళడానికే వచ్చాం. నేను ఎప్పుడో రావాల్సింది..."

"వస్తానమ్మా. ఇవాళ కాదు" అంది ఆవిడ. "ఇన్నేళ్ళూ కళ్ళ ముందుకి అమ్మ వస్తే మొహం పక్కకి తిప్పుకున్నాను. ఇవాళ ఆవిడతో కాస్త మాట్లాడుకోవాలి. తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి."

ముగ్గురూ చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగసాగారు. కూతురికి నొప్పి రాకుండా మధ్య మెట్టు మీద ఆగారు. పైనుంచి, వేసిన తలుపు వెనక నుంచి, చిన్నపిల్ల తల్లికి ఫిర్యాదు చేస్తున్నట్టు మెల్లగా ఒక గొంతు వినిపించింది.

"అమ్మా... విన్నావా?"