సీసాలో పడని వాన

బడి డాబా మీద సక్కుబాయి గరాటు తీసి, సీసాలోకి తొంగి చూసింది. ఇవాళ కూడా చుక్క లేదు.

అది విమలాదేవి టీచరు పెట్టిన వాన సీసా. పొద్దున్నే స్కేలుతో కొలిచి, నోటుపుస్తకంలో రాసి, గేటు దగ్గరి బోర్డు మీద వేయాలి. ఈ ఏడు ఆ పని అయిదో తరగతి సక్కుబాయిది.

అది పందొమ్మిది వందల డెబ్బై రెండో సంవత్సరం. శ్రావణం వచ్చినా ఛత్రినాక బస్తీలో వాన లేదు. నల్లా రెండు రోజులకోసారి వచ్చేది. పందొమ్మిది రోజులుగా ఆ పిల్ల సున్నాలే రాస్తోంది.

ఆకుకూరల చంద్రమ్మ రోజూ గేటు దగ్గర గంప దించి అడిగేది. "బిడ్డా, ఇయ్యాల ఎంత పడ్డది?"

సున్నా అంటే ఆమె మొహం వాడిపోయేది. "ఓ సున్నా సక్కూ!" అని పిల్లల లొల్లి వేరే.

పాపం, ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? ఇవాళ, తాగడానికి తెచ్చుకున్న నీళ్లు కాసిన్ని సీసాలో పోసింది. కొలిచింది. అయిదు మిల్లీమీటర్లు!

బోర్డు చూసి పిల్లలు గంతులేశారు. "ఇగ మొదలైనట్టే తల్లీ!" అని చంద్రమ్మ మురిసిపోయింది.

సక్కుబాయి పుస్తకం పెట్టడానికి మళ్లీ డాబా ఎక్కింది. టీచరు వెనకే వచ్చి పుస్తకం చూసింది. "రాత్రి చప్పుడే ఇనలేదే! మంచిగ నిద్రపోయినట్టున్న. పుస్తకంల ఉన్నదంటే పడ్డట్టే."

సక్కుబాయి తల దించుకుంది.

టీచరు పాత పేజీలు తిప్పింది. "ఇగో, ఇది నువ్వు పుట్టిన నాటి వాన. ముప్పై రెండు."

సక్కుబాయి ఆ అంకె మీద వేలు పెట్టింది. తను చూడని వాన! చూరు నుంచి ధారలు కారుతున్నట్టే అనిపించింది.

"మనం లేనప్పుడు గూడ ఎవరో ఒక పిల్ల ఇది తెరుస్తది. మన వానను చూస్తది," అంది టీచరు.

"నేను రాసింది నమ్ముతదా టీచర్?"

"నమ్మక? అడగనీకి అప్పుడు మనం ఉండం గదా."

సక్కుబాయి పుస్తకం దగ్గరికి లాక్కుంది. "అది వాన కాదు టీచర్. నేనే పోసిన. ఈ కాయితం చింపేస్త."

టీచరు ఆ పేజీ మీద చెయ్యి పెట్టింది. "చింపకు. ఒక్క గీత గీయి. ఏమైందో రాయి."

సక్కుబాయి ముందు కిందికి వెళ్లింది. అందరూ చూస్తుండగానే బోర్డు మీది అయిదును అరచేత్తో తుడిచి సున్నా వేసింది. చంద్రమ్మ గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ మళ్లీ మెట్లెక్కింది. పుస్తకంలో అయిదును కొట్టేసి, పక్కన సున్నా పెట్టి, కింద ఒక్కో అక్షరం దిద్దినట్టుగా రాసింది.

"ఇది వాన కాదు. నేను పోసిన నీళ్లు. మేము ఇంకా ఎదురుచూస్తున్నాము. – సక్కుబాయి, అయిదో తరగతి."