ముక్కలు లేని డిస్కు

స్మోల్యన్ పట్టణంలోని జానపద గీతాల భాండాగారంలో ఒక పాట మాయమైంది. ఇన్‌స్పెక్టర్ వెలిచ్కా లోపలికి వచ్చేసరికి ఆ పాట ఉండాల్సిన హార్డ్ డిస్కు ఇంకా గరగరమంటూనే ఉంది.

ఆమె ఎవరినీ అడగకుండా ప్లగ్గు పీకేసింది.

పోయింది రుమ్యానా తండ్రి గైదా అనే తోలుతిత్తి వాద్యం ఊది వాయించిన రికార్డింగ్. పెద్దాయన మొన్న చలికాలంలో పోయాడు. రెండో కాపీ తీయించడానికి డైరెక్టరుగారికి తీరిక దొరకలేదు. భాండాగారం చూసుకునేది రుమ్యానాయే కాబట్టి, పొరపాటున ఆమే చెరిపిందని మాత్రం తీరిగ్గా తేల్చేశాడు. ఆమె ఉద్యోగం ఆ పూటతో ఊడేలా ఉంది.

టెక్నీషియన్ ప్లామెన్ తాపీగా కాఫీ తాగుతున్నాడు. కుర్రాడు బుద్ధిమంతుడనీ, పోయిన వారమే సొంత గైదా బాణీకి బహుమతి గెలిచాడనీ డైరెక్టరు మురిసిపోయాడు.

వెలిచ్కాకు ఆ తాపీతనం నచ్చలేదు.

"పొద్దున్నే ఈ డిస్కుతో నీకేం పని?"

"డీఫ్రాగ్ పెట్టాను మేడమ్. ఫైళ్ళు ముక్కలుముక్కలుగా పడున్నాయి. ఒకచోట చేరిస్తే చురుగ్గా పనిచేస్తుంది."

"నష్టమేం లేదా?"

"గంటలు పడుతుంది. డిస్కు కాస్త అరుగుతుంది. అంతే."

"మరి చెరిపిన ఫైలు?"

ప్లామెన్ కప్పు కింద పెట్టాడు.

చెరిపిన ఫైలు వెంటనే పోదు. దాని చోట్లో ఇంకోటి వచ్చి కూర్చునేదాకా తిరిగి రాబట్టవచ్చు. డీఫ్రాగ్ చేసేది సరిగ్గా ఆ పనే.

"ఆవిడ చెరిపిందని నాకేం తెలుసు?" అన్నాడు.

ఇక్కడ ఎప్పుడైనా ఏదైనా చెరుపుతారా అని వెలిచ్కా రుమ్యానాను అడిగింది. తప్పు వాయించినా, మధ్యలో దగ్గినా అలాగే ఉంచుతామనీ, ఒకదాని వెనక ఒకటి చేర్చడమే ఇక్కడి పద్ధతనీ ఆమె చెప్పింది.

"విన్నావా ప్లామెన్? మధ్యలో ఖాళీలుంటేనే కొత్త ఫైలు ముక్కలై వాటిలో సర్దుకుంటుంది. ఏదీ చెరపని డిస్కులో ఖాళీలెక్కడివయ్యా? ముక్కలెక్కడివి? ఉన్నది ఒక్కటే ఖాళీ. అది నువ్వు చేసిందే. వెనక ఫైళ్ళు ముందుకు జరిపి దాన్ని పూడ్చేద్దామనుకున్నావు. నీ బహుమతి బాణీ ఆ పెద్దాయనదేగా?"

ప్లామెన్ కాఫీ కప్పును పక్కకు జరిపాడు.

"ఆయన పోయాడు కదా, ఇంకెవరు అడుగుతారనుకున్నా."

ప్లగ్గు తొందరగా పీకబట్టి పాట చివరి భాగం మాత్రం దక్కింది. ల్యాబ్ వాళ్ళు పంపిన ఆ కాస్త ముక్కనూ వెలిచ్కా భాండాగారంలోనే వినిపించింది. రుమ్యానా ఉద్యోగం సంగతి డైరెక్టరు మళ్ళీ ఎత్తలేదు.

గైదా తిత్తిలో గాలి అయిపోయి శబ్దం ఆగింది. ఎవరో దగ్గారు. తర్వాత రికార్డింగ్‌లోనే ముసలి గొంతు వినిపించింది.

"బాగా వచ్చిందా తల్లీ? ఇంకోసారి వాయించనా?"

"వాయించు నాన్నా," అంది రుమ్యానా స్పీకరు వైపు చూస్తూ.