చితిబొగ్గుతో గీసిన భూతం

మిట్టమధ్యాహ్నం... సూర్యుణ్ణి కారుమేఘాలు మింగేశాయి! ఫెళఫెళమంటూ పిడుగులు! పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది...

చర్చి కిటికీలకు రంగుటద్దాలు చేసే కార్ఖానా అది. అద్దాలు కోసే ముందు, కిటికీ ఎంత ఉంటుందో అంత బొమ్మను కాగితంమీద గీసుకుంటారు. ఆ కాగితం ఇప్పుడు నేలంతా పరుచుకుని ఉంది. పైన ఈటె ఎత్తిన దేవదూత... పాదాల కింద వికృతమైన భూతం! దేవదూతను గీసింది అక్క. భూతాన్ని గీస్తున్నది, గాజు కోసే పనికని చేరిన మాంత్రికుడు. ముఖానికి పోలిక కావాలంటూ చెల్లెల్ని ఎదుట కూర్చోబెట్టాడు. వాడి చేతిలో ఉన్నది చితిబొగ్గని అక్కకు తెలిసేసరికే ఆలస్యమైపోయింది!

కాగితం చుట్టుకుపోకుండా మూలన కపాలం పెట్టి, వాడు భూతం ముఖంలో ఒక గీత గీశాడు.

"అమ్మా!" చెల్లెలు విల్లులా వంగిపోయింది. కళ్లు తేలిపోయాయి. ఆ లేతగొంతులోంచి ఎవరో మగవాడు ఘుర్‌ఘుర్‌మన్నాడు.

అక్క వాడి కాళ్లమీద పడింది. "నీకు దణ్ణం పెడతాను, దాన్ని వదిలెయ్! కావాలంటే నన్ను తీసుకో!"

"నువ్వెందుకే? దాని ప్రాణం ఈ భూతంలోకి దిగాలి! కిటికీలో ఎండ పడ్డాక దీన్ని చూసిన ప్రతివాడూ నా బానిసే!"

అక్క పిచ్చిదానిలా లేచి, అరచేత్తో భూతం చేతిని చెరిపేసింది. మరుక్షణం చెల్లెలి కుడిచెయ్యి చచ్చుబడి వేలాడింది!

"చెరుపు... ఇంకా చెరుపు!" వాడు వికటాట్టహాసం చేశాడు.

చెరిపితే చెల్లి పోతుంది... చెరపకపోయినా పోతుంది... తలుపులు బిగుసుకుపోయాయి. అరిచినా ఆ ఉరుముల్లో వినేదెవరు? తల్లి పోయిన నాటినుంచి తానే పెంచిన పిల్లను ఒళ్లోకి లాక్కుని, "నావల్ల కావట్లేదే తల్లీ... నావల్ల కావట్లేదే..." అంటూ కుమిలిపోయింది అక్క.

భూతం కంటిపాప దిద్దడానికి మాంత్రికుడు వంగి, కాగితంమీద మోకాలు మోపాడు. మోపింది దేవదూత వక్షస్థలంమీద!

కాగితం ఊపిరి పీల్చింది...

భగ్గుమని ధవళకాంతి! గీతల్లోని ఈటె సెగలు కక్కుతూ పైకి లేచింది! "రా! కాపాడు!" అని వాడు తాను గీసిన భూతాన్నే పిలిచాడు. అది కదల్లేదు. దేవదూత పాదం దాని మెడను తొక్కిపట్టింది. ఈటె వాడి రొమ్ములో దిగింది! ఆర్తనాదం పూర్తికాకముందే వాడు పిడికెడు మసి అయ్యాడు. కపాలం ఫటేలున పగిలింది.

వాన మొదలైంది.

చాలాసేపటికి చెల్లెలు కళ్లు తెరిచింది.

"అక్కా... ఆకలేస్తోందే."

అక్క పరుగున కంచం తెచ్చి ముందు పెట్టింది. చెల్లెలు కుడిచెయ్యి ఎత్తబోయింది. లేవలేదు. మళ్లీ ఎత్తబోయి, అక్క ముఖంలోకి చూసింది.

అక్క ముద్ద చేసి నోటికి అందించింది.