ర్యాప్ పాట, ఎర్రచీర

"ఆ పాట కొంచెం తగ్గిస్తరా?" అంది నవీన.

గంగాప్రసాద్ తగ్గించలేదు. తల ఊపుతూ, "పాట కాదు మేడం, మెసేజ్," అన్నాడు.

1994. ఒమన్‌లోని అల్ మవాలేలో ఒక ఫోటో స్టూడియో. ఓనర్ జహీరుద్దీన్, హైదరాబాదీ. ఫోటోలు తీసేది, ప్రింట్లు వేసేది మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన గంగాప్రసాద్. అమెరికాలో ఒక నల్లజాతి యువకుడు పాడిన ర్యాప్ క్యాసెట్ అతని దగ్గర ఉంది. వచ్చిన ప్రతివాళ్ళకూ దాని అర్థం చెబుతాడు. ఎవరూ అడగరు.

నవీన అడిగింది. "ఏం మెసేజ్?"

"నల్ల ఆడోళ్ళ గురించి మేడం. బస్సుల మా చెల్లె పక్క సీటు ఖాళీగుంటది, ఎవ్వడు కూసోడు, నేను కూసుంట అంటున్నడు. ఆమె రంగును తక్కువ చేసి మాట్లాడేటోన్ని నిలదీస్త అంటున్నడు. సపోర్ట్ అన్నట్టు."

"మంచిగున్నది," అంది నవీన. ఎగతాళికి అనలేదు.

ఆమె నిజ్వాలో ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచర్. సెలవు దొరికితే బస్సెక్కి అల్ మవాలేలోని అక్క ఇంటికి వస్తుంది. కరీంనగర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్ళకు ఫోటో పంపాలి. అక్క ఎర్రచీర కట్టించి తీసుకొచ్చింది.

"తమ్మీ, జర కలర్ వచ్చేటట్టు తియ్యి," అంది అక్క, గొంతు తగ్గించి.

"ఉన్నదున్నట్టు తియ్యుండ్రి," అంది నవీన, గొంతు తగ్గించకుండా.

పెళ్ళి ఫోటోకు కూర్చున్నవాళ్ళు కెమెరాను బతిమాలుతున్నట్టు చూస్తారు. ఈమె కెమెరాకు అటెండెన్స్ వేస్తున్నట్టు చూసింది. గంగాప్రసాద్ అవసరం లేకపోయినా ఇంకో ఫోటో తీశాడు.

సాయంత్రం ప్రింట్లు వేశాడు. మిషన్‌కు డెన్సిటీ అని ఒక బటన్ ఉంటుంది. తగ్గిస్తే ముఖం తెల్లబడుతుంది. పెళ్ళి ఫోటో అయితే తగ్గించాల్సిందేనని జహీరుద్దీన్ రూల్. క్యాసెట్ తిరుగుతోంది. పాటలో అతను చెల్లె పక్కన కూర్చుంటానంటున్నాడు. గంగాప్రసాద్ గొంతు కలిపి పాడుతూ బటన్ నొక్కాడు.

మర్నాడు నవీన ఒక్కతే వచ్చి కవరు విప్పింది.

"నేను కట్టింది ఎర్రచీర. ఇది రోజ్ కలరెట్లయింది?"

"లైటింగ్ మేడం."

"పాపం, చీరకు గూడ సంబంధం చూస్తున్నరా?"

జహీరుద్దీన్ నవ్వాడు. గంగాప్రసాద్ నవ్వలేదు.

"పాట అమెరికా నుంచి అల్ మవాలే దాకా వచ్చింది. మీ చెవి నుంచి చేతి దాకా రాలేకపోయిందా?"

"అరే బేటీ," అన్నాడు జహీరుద్దీన్. "గానా వేరే, ధందా వేరే."

"మీరే నయం సాబ్. మీరు మెసేజ్ చెప్పరు."

గంగాప్రసాద్ లోపలికి వెళ్ళి, బటన్ ముట్టకుండా మళ్ళీ ప్రింట్ వేసి తెచ్చాడు. వస్తూ టేప్ ఆపేశాడు.

"ఎందుకు బంద్ చేసిండ్రు?"

"సిగ్గయితున్నది మేడం."

"సిగ్గు మీకు. పాటేం చేసింది? పెట్టుండ్రి."

ఆ తర్వాత ప్రతి సెలవుకూ ఆమెకు స్టూడియోలో పని పడింది. పాస్‌పోర్ట్ ఫోటో. స్కూల్ గ్రూప్ ఫోటోకు ఫ్రేమ్. ఆ ఫ్రేమ్‌కు మేకు. పాటలో తనకు అర్థం కాని మాటలు అతను అడిగేవాడు, ఆమె చెప్పేది. అప్పటిదాకా అతను కస్టమర్లకు చెప్పిన అర్థంలో సగం సొంతమని తేలింది.

ఒకరోజు వాన పడింది. ఒమన్‌లో వాన పడితే జనం లోపలికి పరుగెత్తరు, చూడటానికి బయటికి వస్తారు. ఇద్దరూ స్టూడియో ముందు నిలబడ్డారు.

"కరీంనగరోళ్ళు వద్దన్నరు," అంది నవీన. "పిల్ల నలుపట. ఫోటో నేనే చెడగొట్టుకున్ననని అక్క మాట్లాడుతలేదు."

గంగాప్రసాద్ బాధపడదామనుకున్నాడు. ముఖం మాట వినలేదు.

"నవ్వుతున్నరా?"

"లేదు మేడం."

"పండ్లు కనవడుతున్నయి."

"ఫోటో ఉన్నదున్నట్టు ఇచ్చింది న్యాయం కోసమే," అన్నాడు. "వాళ్ళు వద్దనాలని మొక్కుకున్నది మాత్రం నా కోసం. మిమ్మల్ని చేసుకోవాలనున్నది."

నవీన చెయ్యి చాపి వాన పట్టింది.

"మీ అవ్వకు ఎసొంటి కోడలు గావాలె?"

అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "తెల్లటి పిల్ల."

"అయితే ఇప్పుడే ఫోన్ చెయ్యి. నా ముంగట చెప్పు. ఫోటో వద్దు, నోటితోని చెప్పు. అమెరికా ఆడోళ్ళకు సపోర్ట్ చేసి అవ్వ ముంగట నోరు తెరవనోడు నాకొద్దు."

రోడ్డు దాటితే కార్డు ఫోన్ బూత్ ఉంది. ఊళ్ళో పక్కింటికి ఫోన్ చేస్తే, వాళ్ళు అతని తల్లి దేవవ్వను పిలుచుకొచ్చారు.

"అవ్వా, ఒక పిల్ల ఉన్నది. టీచర్. నాకు నచ్చింది."

"మంచిది కొడుకా. తెల్లగుంటదా?" దేవవ్వ గొంతు బూత్ బయటికి వినిపించింది.

"చామన..." అన్నాడు గంగాప్రసాద్.

నవీన రోడ్డు వైపు తిరిగింది. ఒక అడుగు వేసింది.

"నలుపవ్వా," అన్నాడు. "చామనఛాయ గాదు, నలుపే. నాకు గట్లనే నచ్చింది. నువ్వు వద్దన్నా ఈ పిల్లనే చేసుకుంట."

కార్డులో యూనిట్లు పడిపోతున్నాయి.

"అరవకు, వినవడుతున్నది," అంది దేవవ్వ. "నేను గూడ ఒకటి దాచిన. కోరుట్లల ఒక తెల్లపిల్లను చూసి నీ ఫోటో ఇచ్చిన. పోరడు బొగ్గు లెక్కున్నడని వాపస్ పంపిండ్రు. బాధపడ్తవని చెప్పలే."

గంగాప్రసాద్ బూత్ అద్దంలో తన ముఖం చూసుకున్నాడు.

"ఇంతకు, ఆ పిల్లకు నువ్వు నచ్చినవా రా? అది చెప్పు ముందుగాల."

అతను బూత్ బయటికి చూశాడు. నవీన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. వచ్చి రిసీవర్ లాక్కుంది.

"నమస్తే అత్తమ్మా, నేను నవీనను. మీ కొడుకు..."

లైన్ కట్ అయింది. కార్డు అయిపోయింది.

"నిలవడి చూస్తవేంది?" అంది నవీన. "ఇంకో కార్డు పట్టుకరా పో. అత్తమ్మ ఒక మాట అడిగింది, జవాబు చెప్పాలె."